నడుముకు పెట్టుకునే చిన్న పిస్టల్: గన్ కంటే ముందు మ్యాగజైన్ చూసి కొనండి

నాలుగు తూటాలు పేలాయి. ఐదోసారి ట్రిగ్గర్ నొక్కితే ఏమీ కాలేదు, టక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. గన్ మూతి టార్గెట్ వైపే ఉంచి పక్కనుంచి చూశాను. కాల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం, అంటే స్లయిడ్, సగం దారిలో ఆగిపోయింది. తూటా ముక్కు పైకి లేచి బ్యారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) వెనక నోటి దగ్గర ఏటవాలుగా ఇరుక్కుంది. ఆ పిస్టల్ కొని అప్పటికి మూడు వారాలే.

మాది డల్లాస్ దగ్గర చిన్న గ్యాస్ స్టేషన్. రాత్రి పదకొండు దాటాక షాపు మూసి, క్యాష్ బ్యాగ్ పట్టుకుని చీకట్లో కారు దాకా ఒక్కడినే నడవాలి. ఆ నలభై అడుగుల కోసమే ఈ గన్ కొన్నాను. అది ఐదో తూటాకే ఆగిపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో చెప్పక్కర్లేదు. గన్ వెనక్కి ఇచ్చేద్దామనే అనుకున్నాను. కాల్పుల ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో ఉండే పెద్దాయన మాత్రం ఒక్క మాట అడిగాడు: "ఏ మ్యాగజైన్‌తో ఆగింది?" మ్యాగజైన్ అంటే పిడిలోకి దూర్చే తూటాల డబ్బా. నా దగ్గర సమాధానం లేదు. పెట్టెలో రెండు వచ్చాయి, రెండూ ఒకేలా ఉంటాయి. ఆయన కౌంటర్ మీద ఉన్న పెయింట్ పెన్ తీసి ఒకదాని అడుగున 1, రెండోదాని అడుగున 2 అని రాసిచ్చాడు. తర్వాత యాభై రౌండ్లు, అంటే యాభై తూటాలు, కాల్చాను. ఒకటో నంబరు ఒక్కసారి కూడా ఆగలేదు. రెండోది మూడుసార్లు ఆగింది. కంపెనీకి రాస్తే పది రోజుల్లో కొత్త మ్యాగజైన్ పంపారు. ఆ తర్వాత ఆ గన్ ఆగలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇలాంటిది ఏ కంపెనీ పెట్టెలోంచి అయినా రావచ్చు.

అప్పటినుంచి ఎవరైనా "ఏ గన్ కొనాలి?" అని అడిగితే ముందు మ్యాగజైన్ గురించే మాట్లాడుతున్నాను. దానికీ ముందు, మనవాళ్లకు మాత్రమే ఉండే ఒక ప్రశ్న ఉంది.

మీరు ఏ వీసా మీద ఉన్నారు? హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. అమెరికాలో తీసుకున్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండ్స్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్లి గన్ అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇమ్మిగ్రేషన్ ఫైలు మీద దీని దెబ్బ పడితే ఏళ్ల తరబడి పడ్డ కష్టం పోతుంది, కాబట్టి లాయర్‌ని అడగకుండా గన్ ముట్టుకోకండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, సిటిజన్లు కొనొచ్చు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి.

ఇక అసలు సంగతికి వస్తాను.

చిన్న పిస్టల్‌లో మ్యాగజైన్ ఎందుకంత ముఖ్యం? పెద్ద పిస్టల్‌లో స్లయిడ్ పొడవుగా, బరువుగా ఉంటుంది. వెనక్కి వెళ్లి ముందుకు రావడానికి కాస్త సమయం తీసుకుంటుంది. మూడంగుళాల బ్యారెల్ ఉన్న చిన్న గన్‌లో ఆ దూరమూ తక్కువే, సమయమూ తక్కువే. స్లయిడ్ వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు దూసుకొచ్చేలోపు, మ్యాగజైన్‌లోని స్ప్రింగ్ మిగిలిన తూటాలన్నిటినీ ఒక మెట్టు పైకి తోసి, పై తూటాను సరైన ఏటవాలులో నిలబెట్టాలి. స్ప్రింగ్ కొంచెం బలహీనంగా ఉన్నా, పైన తూటాను పట్టుకునే రేకు పెదవులు వెంట్రుకవాసి వంగినా, లోపల తూటాలను మోసే ప్లాస్టిక్ దిమ్మ ఒక పక్కకు ఒరిగినా తూటా తప్పుదారి పడుతుంది. మనకేమో "గన్ జామ్ అయింది" అనిపిస్తుంది.

అసలు ఈ తరం చిన్న గన్‌లు పుట్టిందే మ్యాగజైన్ మారడం వల్ల. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ 2012లో వచ్చినప్పుడు అందులో 7 రౌండ్లు, కొంచెం పొడుగు మ్యాగజైన్‌తో 8. 2015లో వచ్చిన గ్లాక్ 43లో 6 మాత్రమే. సన్నగా ఉండాలంటే తూటాలు ఒకదాని మీద ఒకటి ఒకే వరుసలో ఉండక తప్పదని అందరూ అనుకునేవాళ్లు. 2018లో సిగ్ సావర్ పీ365 వచ్చి, దాదాపు అదే సైజులో 10 రౌండ్లు పట్టించింది. కింద రెండు వరుసలుగా మొదలై పైకి వచ్చేసరికి ఒక్క వరుసగా సన్నబడే మ్యాగజైన్ అది. ఆ తర్వాత మిగతా కంపెనీలన్నీ ఆ దారే పట్టాయి. రెండు వరుసలు ఒకటిగా కలిసే ఆ మలుపు దగ్గరే రాపిడి ఎక్కువ. కొత్త మ్యాగజైన్‌లో చివరి రెండు తూటాలు ఎక్కించేటప్పుడు బొటనవేలు నొప్పెట్టేది కూడా అందుకే.

నేను సొంతంగా వాడినవీ, రేంజ్‌లో పరిచయమైనవాళ్లవి తీసుకుని కాల్చి చూసినవీ కలిపి నాలుగింటి మధ్య పోలిక చెప్తాను. అన్నీ 9 ఎంఎం తూటా వాడేవే.

పీ365 నడుముకు పెట్టుకుంటే మరిచిపోయేంత చిన్నది. ఖాళీ మ్యాగజైన్‌తో దాదాపు 18 ఔన్సులు, అంటే అర కిలో. పిడితో సమానంగా ఉండే 10 రౌండ్ల మ్యాగజైన్‌తో పాటు, కిందికి పొడుచుకొచ్చే 12, 15 రౌండ్లవీ దొరుకుతాయి. ఇంట్లో ఒకటి, నడుముకు ఒకటి అనుకునేవాళ్లకు ఇది చాలా సౌకర్యం. 2018లో మొదటగా వచ్చిన వాటిలో కొన్నింటికి స్ట్రైకర్ (తూటా అడుగున కొట్టే సూది) విరగడం, ప్రైమర్ (తూటా అడుగున ఉండే పేలుడు బిళ్ల) మీద పొడవాటి గీత పడటం లాంటి ఫిర్యాదులు వచ్చిన మాట నిజం. కంపెనీ తర్వాత భాగాలు మార్చింది. కొత్తది కొనేవాళ్లకు ఆ భయం అక్కర్లేదు గానీ, పాతది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందంటే ఏ ఏడాదిదో అడగండి. నాకు దీనిలో నచ్చనిది ఒక్కటే, మ్యాగజైన్ ధర. గ్లాక్ మ్యాగజైన్ కంటే బాగా ఎక్కువ పడుతుంది. నాలుగు కొనేసరికి ఆ తేడా చేతికి తెలుస్తుంది.

గ్లాక్ 43ఎక్స్ 2019లో వచ్చింది. స్లయిడ్ సన్నం, పిడి మాత్రం పొడుగు, కాబట్టి చిటికెన వేలు కూడా పిడి మీద కూర్చుంటుంది. చెయ్యి పెద్దదైతే ఇది చాలా హాయిగా ఉంటుంది. బ్యారెల్ కూడా కాస్త పొడవు, 3.4 అంగుళాల పైన. అంత పిడి ఉన్నా కంపెనీ మ్యాగజైన్‌లో పట్టేవి 10 రౌండ్లే. కారణం, గ్లాక్ మ్యాగజైన్‌లో లోపల ఉక్కు, దానికి పైన మందంగా ప్లాస్టిక్ తొడుగు. ఆ మందం కొన్ని తూటాల చోటు తినేస్తుంది. కానీ ఆ మందమే దాన్ని కాపాడుతుంది కూడా. నేను సిమెంట్ నేల మీద ఎన్నిసార్లు జారవిడిచానో లెక్కలేదు, పెదవులు ఒక్కటీ వంగలేదు. చెమటకు తుప్పు పట్టలేదు. తక్కువ ధర, ఎక్కడైనా దొరకడం, మొండితనం, మూడూ కలిపి చూస్తే మ్యాగజైన్ విషయంలో నా ఓటు దీనికే. ఒక జాగ్రత్త ఉంది. గ్లాక్ 43 మ్యాగజైన్ 43ఎక్స్‌కి పట్టదు, గ్లాక్ 48ది మాత్రం పడుతుంది. పేరు చూసి మోసపోకండి.

షీల్డ్ ప్లస్ 2021లో వచ్చింది. 10 రౌండ్లది, 13 రౌండ్లది రెండు మ్యాగజైన్లూ ఉక్కువే. 20 ఔన్సుల పైన బరువు ఉంటుంది కాబట్టి చేతిలో తక్కువ ఎగురుతుంది. ట్రిగ్గర్ నాకు నాలుగింటిలో దీనిదే బాగుంది. పాత షీల్డ్ మ్యాగజైన్, షీల్డ్ ప్లస్ మ్యాగజైన్ ఒకటి కావు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "ప్లస్" అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.

స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ 2019లో వచ్చింది, క్రొయేషియాలో తయారవుతుంది. 11 రౌండ్లది పిడితో సమానంగా, 13 రౌండ్లది కొంచెం బయటికి ఉంటాయి. ఇంత చిన్నదానిలో ఇన్ని తూటాలు పట్టడమే దీని బలం. చేతికి ఎదురు దెబ్బ మాత్రం కాస్త పదునుగా తగులుతుంది. వంద రౌండ్లు దాటాక నా గురి చెదరడం నేనే గమనించాను. తరచూ ప్రాక్టీస్ చేసేవాళ్లకు నేను దీన్ని రెండో స్థానంలో కూడా పెట్టను. ఎక్కువ రౌండ్లు, తక్కువ సైజు, ఈ రెండే ముఖ్యం అనుకునేవాళ్లకు సరిపోతుంది.

ఇంట్లో ఆడవాళ్లు కూడా వాడాల్సిన గన్ అయితే లెక్క వేరు. మా ఆవిడకు కీళ్లనొప్పులు. చిన్న గన్‌ల స్లయిడ్ వెనక్కి లాగడం ఆమె వల్ల కాలేదు, మ్యాగజైన్‌లో ఐదో తూటా ఎక్కించడమే కష్టమైంది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అని ఇంకోటి ఉంది. అందులో పట్టేది 8 రౌండ్లే, సైజు కొంచెం పెద్దది. కానీ మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని వేలితో కిందికి నొక్కుతూ ఉంటే తూటాలు సులువుగా దిగుతాయి. స్లయిడ్ కూడా తేలిగ్గా వెనక్కి వస్తుంది. పది మందికి నచ్చిన గన్‌ను మీరు లోడ్ చేయలేకపోతే అది మీది కాదు. 2020లో తయారైన కొన్ని 9 ఎంఎం ఈజెడ్‌లను హ్యామర్ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది, కాబట్టి పాతది కొంటే సీరియల్ నంబర్ చూడండి. ఇలా వెనక్కి పిలవడం ఒక్క కంపెనీకే జరిగింది కాదు. 2008లో రూగర్ ఎల్‌సీపీకి జరిగింది, 2011లో గ్లాక్ నాలుగో తరం పిస్టళ్లలో స్లయిడ్‌ను మళ్లీ ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగులు మార్చి ఇచ్చింది. సెకండ్ హ్యాండ్ గన్ ఏదైనా సరే, డబ్బు ఇచ్చే ముందే కంపెనీ సైట్‌లో నంబర్ కొట్టి చూడటం ఐదు నిమిషాల పని.

సన్నగా ఉండటం మీకు ముఖ్యం కాకపోతే గ్లాక్ 26 కూడా చూడండి. 1990ల మధ్య నుంచి ఉన్న పాత మోడల్. లావుగా, పొట్టిగా ఉంటుంది. 10 రౌండ్లది దాని సొంత మ్యాగజైన్, గ్లాక్ 19ది, 17ది కూడా ఇందులో పడతాయి. ఇంట్లో ఇప్పటికే గ్లాక్ 19 ఉన్నవాళ్లకు ఇంకో ఆలోచన అక్కర్లేదు.

వేరే కంపెనీలు చేసే మ్యాగజైన్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన జామ్‌లలో ఎక్కువ ఇక్కడే. 43ఎక్స్ పిడిలో 15 రౌండ్లు పట్టే ఉక్కు మ్యాగజైన్లు బయటి కంపెనీలు చేస్తున్నాయి. ప్లాస్టిక్ తొడుగు లేదు కాబట్టే ఆ ఐదు అదనం. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మ్యాగజైన్ జారిపోకుండా పట్టి ఉంచే క్యాచ్ గ్లాక్‌లో ప్లాస్టిక్‌ది. అది ఉక్కు మ్యాగజైన్‌ను పట్టుకుంటే ఆ క్యాచ్ అరిగిపోతుంది, కాబట్టి ఉక్కు క్యాచ్ వేయించాలి. ఉక్కు క్యాచ్ వేశాక మళ్లీ కంపెనీ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పెడితే వాటి గాడి అరుగుతుంది. అంటే ఒక దారి ఎంచుకుంటే ఆ దారిలోనే ఉండాలి. ఏ ఇబ్బందీ లేదనేవాళ్లూ ఉన్నారు, మళ్లీ కంపెనీ మ్యాగజైన్లకే తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రాక్టీస్‌కి ఏ మ్యాగజైన్ అయినా వాడుకోండి. ప్రాణరక్షణకు పెట్టుకునేదానికి మాత్రం గన్ చేసినవాళ్లదే వాడమంటాను. పది తూటాలు నమ్మకంగా పేలడం, పదిహేనింటిలో ఏదో ఒకటి ఆగడం, ఈ రెండింటిలో నేను ఆలోచించకుండా మొదటిదే ఎంచుకుంటాను.

ఇంకో కారణం చట్టం. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, మేరీల్యాండ్‌లలో 10 రౌండ్ల పరిమితి. కొలరాడోలో 15, ఇల్లినాయ్‌లో పిస్టళ్లకు 15. టెక్సస్‌లో పరిమితి లేదు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ప్రాజెక్ట్ మారితే రాష్ట్రం మారిపోతారు. టెక్సస్‌లో కొన్న 13 రౌండ్ల మ్యాగజైన్ సామాన్లలో పడి న్యూజెర్సీలోని ఎడిసన్ చేరితే అక్కడ అది నేరం. ఇవి మారుతుండే చట్టాలు కాబట్టి, కొనే వారంలోనూ ఇల్లు మారే వారంలోనూ మళ్లీ చూసుకోండి. ఉద్యోగంతో ఊళ్లు మారేవాళ్లకు 10 రౌండ్ల మ్యాగజైన్‌తోనే నిండుగా పనిచేసే 43ఎక్స్, పీ365 మంచివి.

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కొడుకు సిటిజన్. అక్కడ ప్రతి పిస్టల్‌కీ విడిగా పర్మిట్ తీసుకోవాలి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వచ్చాకే అక్కడ మామూలు మనుషులకు బయట గన్ పెట్టుకుని తిరిగే క్యారీ పర్మిట్ దొరకడం మొదలైంది. వాడు ఫోన్ చేసి, "అన్నా, హెల్‌క్యాట్‌లో పదకొండు పడతాయంట కదా, అది తీసుకోనా?" అన్నాడు. "మీ రాష్ట్రంలో ఆ పదకొండోదే నిన్ను ఇరికిస్తుంది తమ్ముడూ. పది రౌండ్ల మ్యాగజైన్‌తో అమ్మేది తీసుకుంటే ఆ గన్ బలమే పోయింది. చేతిలో పట్టుకుని చూడు, పీ365 గానీ 43ఎక్స్ గానీ" అన్నాను. వాడిది పెద్ద చెయ్యి, 43ఎక్స్ తీసుకున్నాడు.

గన్ ఏదైనా, కొన్నాక చేయాల్సిన పని ఒకటే. మ్యాగజైన్లు కనీసం మూడు ఉండాలి. అన్నిటి అడుగునా నంబరు రాయండి. కొత్తవైతే నిండా లోడ్ చేసి, గన్‌తో పాటు లాక్ బాక్స్‌లో నాలుగైదు రోజులు ఉంచండి, ఎక్కించడం తేలికవుతుంది. నిండుగా ఉంచితే స్ప్రింగ్ పాడైపోతుందని చాలామంది భయపడతారు. స్ప్రింగ్ అరిగేది ఎక్కువగా నొక్కుతూ వదులుతూ ఉండటం వల్ల, ఊరికే నొక్కి ఉంచడం వల్ల కాదు. తర్వాత రేంజ్‌లో మామూలు తూటాలతో 200 రౌండ్లు, ఏ నంబరుతో ఎన్ని, ఎక్కడ ఆగింది అని ఒక కాగితం మీద రాసుకుంటూ కాల్చండి. ఆ తర్వాత నిజంగా నడుముకు పెట్టుకునే హాలో పాయింట్ తూటాలతో ప్రతి మ్యాగజైన్‌నూ కనీసం రెండుసార్లు ఖాళీ చేయండి. వాటి ముక్కు గుండ్రంగా కాకుండా బొక్కగా ఉంటుంది కాబట్టి, మామూలు తూటాలు చక్కగా ఎక్కించుకునే గన్ వీటి దగ్గర తడబడవచ్చు. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ పొదుపు చేయకండి.

ఆగిన ప్రతిసారీ ఎలా ఆగిందో చూడండి. తూటా ముక్కు పైకి లేచి ఇరుక్కుంటే, అదీ ఒకే నంబరుతో అయితే, మ్యాగజైన్ మీదే అనుమానం. పేలిపోయిన తూటా ఖాళీ గొట్టం బయటికి పోకుండా స్లయిడ్ మధ్యలో నిలువుగా నిలబడితే, చాలాసార్లు కారణం మన మణికట్టు వదులుగా ఉండటం. చిన్న గన్‌కు గట్టి పట్టు కావాలి. చివరి తూటా అయిపోయినా స్లయిడ్ వెనక్కి నిలబడకపోతే, మీ బొటనవేలు స్లయిడ్ స్టాప్ (స్లయిడ్‌ను వెనక్కి ఆపి ఉంచే మీట) మీద ఉందేమో ముందు చూడండి. నాకు రెండు నెలలు అదే జరిగింది. చప్పుడు ఎప్పటికంటే నీరసంగా వస్తే మాత్రం అక్కడితో ఆపేసి రేంజ్ వాళ్లను పిలవండి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఆ మీద ఇంకోటి కాలిస్తే చెయ్యి పోవచ్చు.

మ్యాగజైన్ నిండుగా ఉండి స్లయిడ్ మూసి ఉన్నప్పుడు పెడితే పై తూటా స్లయిడ్‌కు తగిలి అడ్డుపడుతుంది. పట్టుకున్నట్టే అనిపించి, ఒక్క తూటా పేలగానే జారి కిందపడిన మ్యాగజైన్‌ను నేను కళ్లారా చూశాను. అరచేతితో గట్టిగా కొట్టి, తర్వాత కిందికి లాగి చూడటం అలవాటు చేసుకోండి.

వేసవిలో చెమట పట్టే నడుముకు ఉక్కు మ్యాగజైన్ పెట్టుకునేవాళ్లు వారానికోసారి విప్పి పొడిగుడ్డతో తుడవాలి. లోపల నూనె పోయకండి, చొక్కా నూగు అంతా దానికే అంటుకుని దిమ్మ కదలడం మానేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే లాక్ బాక్స్ లేకుండా గన్ కొననే వద్దు. టెక్సస్‌లో లోడ్ చేసిన గన్ మన అజాగ్రత్త వల్ల 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం కూడా.

ఇండియా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ను ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. జిప్ మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టడానికి. మా ఇంట్లో రేంజ్ బ్యాగ్ గ్యారేజీ దాటి లోపలికి రాదు.

మొన్న ఆదివారం న్యూజెర్సీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మూడు మ్యాగజైన్లతో రెండు వందలు పూర్తి చేశాడంట. ఒకటి, రెండు నంబర్లు ఎక్కడా ఆగలేదు. మూడోది నడుముకు పెట్టుకునే తూటాలతో ఒక్కసారి ఆగింది. "ఒక్కసారే కదా అన్నా, వాడొచ్చా?" అన్నాడు. దాని అడుగున ఎర్ర గీత గీసి, ప్రాక్టీస్ బ్యాగ్‌లో వేసి, ఇంకోటి కొనుక్కోమన్నాను.